పుంజు రాకపోతే కూర్చో తల్లీ

రోలా, మిస్సోరీ,
ఏప్రిల్ 24

చిట్టితల్లీ,

ఆదివారం నుంచి నీ ఫోన్ లేదు. ఆఫీసులో పని ఎక్కువై ఉంటుందని అమ్మకు చెప్పాను. ఇక్కడ అందరం బాగున్నాం. వీధి పొడుగునా డాగ్‌వుడ్ చెట్లు తెల్లగా పూశాయి. బాబాయి మోకాలి ఆపరేషన్ బాగా జరిగింది, నిన్ననే నడిపించారట. గోంగూర విత్తనాలు కుండీల్లో వేశాం. రాత్రి బుజ్జి ఫోన్ చేశాడు. శనివారం నువ్వు మార్క్ ట్వెయిన్ అడవికి ఒక్కదానివే వేటకి వెళ్ళావనీ, టర్కీ కోడి పుంజు ఎంత పిలిచినా రాకపోతే అది అరుస్తున్న వైపుకి పొదల్లోంచి పాక్కుంటూ వెళ్ళావనీ మాటల మధ్యలో అన్నాడు. వాడినేమీ అనకు, నేనే గుచ్చి గుచ్చి అడిగాను.

నీకు వేట మీద ఇష్టం కలిగినందుకు నాకు సంతోషమే. పద్మ పిన్ని ఏమన్నా పట్టించుకోకు. ఇప్పుడు పిడుదులు ఎక్కువగా ఉండే కాలం. ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపుకో, బట్టలకు పెర్మెత్రిన్ పురుగుమందు ముందురోజే కొట్టి ఆరబెట్టు, ఇంటికి రాగానే తల, చెవుల వెనక చూసుకో.

పుంజు మొండికేసిందని విసుక్కున్నావట. మనింట్లో కోడిపుంజు పెట్ట వెనకాల పడుతుంది. అడవి టర్కీ పద్ధతి వేరు. పుంజు తెల్లవారకముందే చెట్టు మీద నుంచి అరుస్తుంది, దిగాక తోక విప్పుకుని ఒకచోట నిలబడుతుంది, పెట్టలే దాని దగ్గరికి నడిచి వెళ్తాయి. నువ్వు పెట్టలా పిలిచి దాన్ని రమ్మంటున్నావు. అది అరవై డెబ్భై గజాల్లో ఆగి, పెట్ట కనబడితే గానీ కదలనని నిలబడటం సహజం. నువ్వు పిలిచిన ప్రతిసారీ అది బదులిస్తోందంటే నువ్వున్న చోటు దానికి తెలిసిపోయినట్టే. ఇంక బాక్స్ కాల్, అదే పెట్టలా కూత పెట్టే ఆ చెక్కపెట్టె, పక్కన పెట్టెయ్యి. కొత్తవాళ్ళు చాలామంది ఇక్కడే ఆగలేరు.

పక్కింటి పెద్దాయనతో బిగ్ పైనీ ఏటి పక్కకు వెళ్ళిన పొద్దు నీకు చెప్పానో లేదో. ఆయన చిన్నప్పుడు మిస్సోరీలో టర్కీలు దాదాపు కనుమరుగైపోయాయి, వేరే చోట్ల పట్టి తెచ్చి వదిలాక 1960లో మళ్ళీ వేట మొదలుపెట్టారు. అందుకే ఆయన పుంజు అరుపు వింటే టోపీ తీసేవాడు. ఆ రోజు పుంజు ఏటికి అవతల గట్టు మీద అరుస్తోంది. ఆయన మూడు నాలుగు కూతలు కూశాడు, అది వెంటనే బదులిచ్చింది. మళ్ళీ కూస్తే మళ్ళీ బదులు. రాదు. నీళ్ళు, కంచె, గొయ్యి లాంటిది అడ్డం ఉంటే అవి దాటడానికి ఇష్టపడవని చెవిలో చెప్పి, నన్ను వెనక్కి తీసుకెళ్ళి చుట్టూ తిప్పి, ఏరు ఎక్కువ లోతు లేనిచోట దాటించి, అవతల గట్టు పైఅంచుకి ఇవతల కూర్చోబెట్టాడు. పుంజు ఆ అంచెక్కి మావైపు చూసేసరికి తుపాకీ అందే దూరంలోనే ఉండాలని ఆయన లెక్క. తర్వాత పిలవనే లేదు. ఎండుటాకుల్లో చేత్తో రెండుసార్లు గీకి ఒకసారి ఆపాడు, పెట్ట మేత మేస్తున్నట్టు. తర్వాత అదీ మానేశాడు. అరుపులు ఆగిపోయాయి. నాకు కాళ్ళు తిమ్మిరెక్కాయి, ఇంక పోయిందనుకున్నాను. ఆయన మాత్రం కనురెప్ప కూడా కదపలేదు. చాలాసేపటికి ఎడమపక్క నుంచి గుండెల్లో తగిలేటట్టు సన్నటి గుమ్‌మనే శబ్దం వచ్చింది. తోక విప్పినప్పుడు అది చేసే చప్పుడు. తెల్లటి నెత్తి, నీలం బుగ్గలు, ఎర్రటి మెడ, అన్నీ గట్టు అంచు మీద లేచాయి. ముప్పై గజాలు కూడా లేదు. అంతసేపూ ఒక్క అరుపు లేకుండా వచ్చింది.

నోరు మూసుకుని కూడా వస్తాయని అందుకే చెబుతున్నాను. పొద్దున పెట్టలతో ఉంటుంది కాబట్టి రాదు. తొమ్మిది, పది దాటాక పెట్టలు గూళ్ళకు వెళ్తే ఒంటరిదై నువ్వు పిలిచిన చోటు వెతుక్కుంటూ వస్తుంది. ఆ టైముకి నువ్వు పాక్కుంటూ ఎక్కడో ఉంటే ఎలా తల్లీ? ప్రభుత్వ అడవిలో ఒంటిగంటకి ఎలాగూ ఆపాలి. అప్పటిదాకా కూర్చో.

అన్నిటికన్నా ముఖ్యం, ఆ అరుస్తున్నది పుంజు కాకపోవచ్చు. నీలాగే పిలుస్తున్న ఇంకో మనిషి కావచ్చు. లేదా నీ కూత విని ఇంకెవరో నీవైపు పాకుతూ రావచ్చు. అందుకే అరుపు వైపుకి ఎప్పుడూ పాకకూడదు. ఎరుపు, తెలుపు, నీలం పుంజు తల రంగులు, అవి ఒంటి మీద కనబడకూడదు, చేతిరుమాలు కూడా. నీ భుజాలకన్నా వెడల్పైన చెట్టుకి వీపు ఆనించు. ఎవరైనా వస్తుంటే చెయ్యి ఊపకు, గట్టిగా మాట్లాడు. నలభై గజాలు దాటితే పేల్చకు, పూర్తిగా పుంజు అని తేలకపోతే అసలు పేల్చకు. చెప్పడం ఎక్కువైందని తెలుసు, అయినా చదువు.

వెళ్ళే ముందు ఏ గేటు దగ్గర కారు పెడుతున్నావో నాకో అమ్మకో మెసేజ్ పెట్టు. అక్కడ సిగ్నల్ ఉండదని బుజ్జి అన్నాడు, అందుకని ఇంటి నుంచే పెట్టు.

అమ్మ కారప్పొడి, సున్నుండలు పార్శిల్ చేసింది. అందులోనే ఆరెంజ్ టోపీ ఒకటి వేశాను. నడిచేటప్పుడు, పుంజుని మోసుకొచ్చేటప్పుడు తప్పకుండా పెట్టుకో. బిగుతుగా ఉంటే చెప్పు, పెద్ద సైజు తెప్పిస్తాను.

ఆశీస్సులతో,
నాన్న