ఫేస్ టు ఫేస్ రౌండ్ మడికొండల పెడితే ఏమైతది?

ఎడిటర్ గారికి నమస్తే,

నేను హన్మకొండల ఉండి వర్క్ ఫ్రం హోం చేస్తున్న, మా కంపెనీ ఇంటర్వ్యూ పానెల్ల కూడా కూర్చుంట. ఈ మధ్య సాఫ్ట్‌వేర్ కంపెనీలు మళ్ళీ ఫేస్ టు ఫేస్ రౌండ్ అంటున్నయి, ఎందుకో నాకు తెలుసు కాబట్టి వాళ్ళను తప్పు పట్టను. కరోనా అప్పటినుంచి అన్ని రౌండ్లు వీడియో కాల్లనే, ఇప్పుడు ఏఐ టూల్స్ వచ్చినయి, లింక్డ్ లిస్ట్ (గొలుసు లెక్క ఒకదానికొకటి లింక్ చేసిన డేటా) రివర్స్ చెయ్యమంటే పిలగాడు క్వశ్చన్ మళ్ళొకసారి గట్టిగ చదువుతడు, "ఒక్క నిమిషం సార్" అంటడు, కండ్లు పక్క స్క్రీన్ మీదికి పోతయి, తర్వాత ఎక్కడా ఆగకుండ కోడ్ మొత్తం కొట్టేస్తడు. బాగుంది గని లింక్ మార్చేముందు నెక్స్ట్ నోడ్‌ని ఇంకో వేరియబుల్ల ఎందుకు దాచినవ్ అంటే "సార్ మీ వాయిస్ కట్ అయితుంది" అంటడు. గూగుల్ సీఈఓ సుందర్ పిచాయే 2025ల కనీసం ఒక రౌండ్ ఎదురుగ కూర్చోబెట్టి చేస్తమన్నడు.

కాకపోతే కాపీ కొట్టేటోడైనా కొట్టనోడైనా అందరినీ రమ్మనేది హైదరాబాద్‌కే. నర్సంపేట, ములుగు, భూపాలపల్లి పిల్లలు తెల్లారకముందే బయల్దేరి, హన్మకొండల ఉప్పల్ బస్సెక్కి, అక్కడ మెట్రో పట్టుకొని రాయదుర్గంల దిగి, మళ్ళా షేర్ ఆటో. పొద్దున్నే రిపోర్టింగ్ అంటరు, పానెలోళ్ళు మీటింగ్ల ఉన్నరని మధ్యాహ్నం దాక కూర్చోబెడతరు, ఫస్ట్ రౌండ్ల అరగంటకే థాంక్యూ అని పంపిస్తరు. ఆడపిల్లయితే తోడు వాళ్ళ నాన్న రావాలె, ఆయనకు ఆ రోజు పని పోయినట్టే.

మరి మనకాడ బిల్డింగులు లేవా అంటే ఉన్నయి. 2020 జనవరిల వరంగల్ దగ్గరి మడికొండల టెక్ మహీంద్రా, సైయెంట్ ఐటీ కంపెనీల సెంటర్లు ఓపెన్ అయినయి, అదే ఏడు జులైల కరీంనగర్ ఐటీ టవర్, 2023ల నిజామాబాద్ ఐటీ హబ్. వీటిల్ల ఒక రూం, వాళ్ళ సిస్టమే, ఫోన్ బయట పెట్టించి ఐడీ కార్డ్ చూసేటందుకు ఒక మనిషి, ఇంతే కావాల్సింది, పానెల్ బెంగళూరుల ఉన్నా వీడియోల అడగొచ్చు. ఎంసెట్ 2018 నుంచి కంప్యూటర్ మీదనే రాపిస్తున్నరు కదా, సెంటర్ల కూర్చోబెట్టి రాపించుడు మనకు కొత్తేం కాదు. లాస్ట్ రౌండ్ దాక వచ్చినోళ్ళను హైదరాబాద్ పిలవండి, వాళ్ళు సంతోషంగనే వస్తరు. ఇదే మా మేనేజర్‌కు చెప్తే మంచి ఐడియా అన్నడు, ఆ తర్వాత మెయిల్ అయితే రాలే.

కంపెనీలు ఒక్కొక్కటిగ ఈ పని చెయ్యవు, ఎందుకంటే ఏ కంపెనీకీ ఇక్కడినుంచి ఒకేసారి అంతమంది క్యాండిడేట్లు ఉండరు. అందుకే ఐటీ శాఖోళ్ళే మడికొండల, కరీంనగర్ల అందరికీ కలిపి ఒక్కో రూం తెరిచి, స్లాట్లు బుక్ చేసుకోమని కంపెనీలకు చెప్పాలె. కాపలా మనిషి దొరకడంటే శనివారాలు నేనొచ్చి కూర్చుంట, పైసలేం అడగను.

ఇట్లు,
ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీర్, హన్మకొండ