స్కాన్ రిపోర్టులో 'ముఖం నార్మల్' అని రాస్తే చాలదు

సంపాదకులకు,

గర్భం 18–22 వారాల మధ్య, బిడ్డ అవయవాల్లో లోపాలేమైనా ఉన్నాయేమో చూసేందుకు చేసే టిఫా స్కాన్ రిపోర్టుల్లో బిడ్డ ముఖం గురించి తరచూ ఒక్క మాటే ఉంటుంది: 'నార్మల్'. ఏ కోణంలో చూశారో, ఏది కనిపించిందో, ఏది కనిపించలేదో ఉండదు. ఈ అలవాటును స్కాన్ చేసే మేమే మానుకోవాలి.

ముఖాన్ని కనీసం మూడు కోణాల్లో చూడాలి. మొదటిది ఎదురుగా. ముక్కు కొస, పై పెదవి, గడ్డం ఒకే చిత్రంలోకి వస్తే రెండు ముక్కు రంధ్రాలూ, వాటి కింద తెగని పెదవీ కనిపిస్తాయి. గ్రహణం మొర్రి ఉంటే పెదవిలో నల్లటి చీలిక ఉంటుంది. ఒక్కోసారి అది రంధ్రం దాకా సాగి ఆ వైపు ముక్కు చదునుగా పరుచుకుంటుంది. రెండోది అడ్డంగా. పై చిగురు గట్టు గుర్రపు నాడాలా వంపు తిరిగి, పంటి మొలకలు వరసగా ఉండాలి. చీలిక పెదవితో ఆగిందా, చిగురులోకీ పోయిందా అన్నది ఇక్కడే తేలుతుంది. చిగురు కూడా చీలితే అంగిలిని అనుమానించాల్సిందే. కంటి గుంతల మధ్య ఎడం కూడా అడ్డంగానే చూస్తాం. అది సుమారు ఒక గుంత వెడల్పంత ఉండాలి. మరీ దగ్గరగా ఉంటే మెదడు ముందు భాగం రెండుగా విడిందో లేదో వెంటనే చూడాలి.

మూడోది పక్క నుంచి. ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ప్రోబ్ (పొట్ట మీద ఆనించే స్కాన్ పరికరం) నడిమధ్య నుంచి కాస్త జరిగినా మంచి గడ్డం కూడా లోపలికి పోయినట్టు కనిపిస్తుంది. ముక్కు మొదట్లో నుదుటికి లంబంగా ఒక గీత, గడ్డం కొస నుంచి ముందుకొచ్చిన పెదవిని తాకుతూ ఇంకో గీత గీస్తే, వాటి మధ్య కోణం 50 డిగ్రీల లోపు ఉంటే దవడ వెనక్కి ఉన్నట్టు. కంటి అంచనాకన్నా ఈ కొలత మేలు.

పెదవి బాగానే ఉండి అంగిలి వెనక భాగం మాత్రమే చీలితే, అది స్కాన్‌లో చాలామటుకు దొరకదు. చుట్టూ ఉన్న ఎముకల నీడ పడుతుంది, నాలుక అడ్డొస్తుంది. కొండనాలుక రెండు సమాంతర గీతలుగా కనబడితే కొంత ధైర్యం. కనబడకపోతే 'అంగిలి చూడలేకపోయాం' అని రాయాలి. అలా రాసిన రిపోర్టును నాసిరకం అనుకోవద్దని పాఠకులకు మా మనవి.

త్రీడీ బొమ్మ ముచ్చటగా ఉంటుంది గానీ దాని మీదే తీర్పు చెప్పకూడదు. ముఖం ముందు తగినంత ఉమ్మనీరు లేకపోతే బొమ్మే సరిగా రాదు. బొడ్డుతాడు పెదవికి ఆనినా, దాని నీడ పడినా లేని చీలిక కనిపిస్తుంది. బొమ్మను మరీ నునుపు చేస్తే ఉన్న సన్నటి చీలిక మాయమవుతుంది. ముందు టూడీలో, అంటే మామూలు నలుపు తెలుపు స్కాన్‌లో, తేల్చుకోవాలి. బిడ్డ బోర్లా ఉన్నా, చేతులు అడ్డం పెట్టుకున్నా తల్లిని కాసేపు నడిపించి మళ్లీ చూడాలి. అప్పటికీ కాకపోతే ఇంకో రోజు పిలవాలి. నెలలు నిండే కొద్దీ ముఖం గర్భసంచి గోడకు ఆనుకుపోయి పని ఇంకా కష్టమవుతుంది.

చీలిక కనిపిస్తే గుండె, మెదడు, కాళ్లూ చేతులూ అన్నీ మళ్లీ చూసి, జన్యు పరీక్ష గురించి తల్లిదండ్రులతో మాట్లాడాలి. పెదవి సరిగ్గా మధ్యలో చీలితే మరింత జాగ్రత్త అవసరం; 13వ క్రోమోజోము అదనంగా ఉండే ట్రైసోమీలో అలాంటిది కనిపిస్తుంది. వేరే లోపమేదీ లేని పెదవి చీలికను సాధారణంగా బిడ్డకు 3–6 నెలల వయసులో ఆపరేషన్‌తో సరిచేస్తారు. అలాంటి పిల్లలు చాలామంది తల్లిపాలు తాగగలరు కూడా. అంగిలి చీలితే నోటితో లాగి పీల్చుకోలేరు కాబట్టి, నొక్కితే పాలొచ్చే మెత్తటి సీసా కాన్పు నాటికే సిద్ధంగా ఉండాలి.

దవడ బాగా చిన్నదైతే, పుట్టగానే నాలుక వెనక్కి జారి ఊపిరికి అడ్డుపడొచ్చు. మింగలేక ఉమ్మనీరు పెరగడం దానికొక సూచన. అలాంటి కాన్పు నవజాత శిశువుకు శ్వాసగొట్టం వేయగల బృందం ఉన్న ఆసుపత్రిలోనే జరగాలి. ఆ ఏర్పాటు ముందే చేసుకోవాలంటే గడ్డం కనిపించిందో లేదో రిపోర్టులో ఉండి తీరాలి.

– గర్భస్థ శిశు స్కానింగ్ వైద్యులు