ఆ శనివారం మా కోసం వెతికినవారికి కృతజ్ఞతలు

మా పాపకు ఈరోజుతో నలభై రోజులు నిండాయి. తిరుపతిలో కాన్పు అయిన నాటి నుంచి మాకు అండగా నిలిచినవారిలో ముగ్గురికి నేను ఇంతవరకు సరిగా కృతజ్ఞత చెప్పుకోలేదు. పుట్టుకతో వచ్చే థైరాయిడ్ లోపం ఉందేమో చూడటానికి పాప మడమ నుంచి నెత్తురు చుక్కలు తీసిన నర్సమ్మ, వాటిని పరీక్షించిన ల్యాబులోని సోదరి, పలమనేరు దగ్గర మా అత్తగారి ఊరి ఆశా కార్యకర్త, ఆ ముగ్గురు.

పాపకు 48 గంటలు దాటాకే నర్సమ్మ మందపాటి కాగితపు కార్డు మీది వలయాలను ఒక్కొక్కటిగా నెత్తురుతో నింపి, ఆరేదాకా బల్లపరుపుగా ఉంచారు. పుట్టిన గంట, నెత్తురు తీసిన గంట రెండూ కార్డు మీద రాశారు. పుట్టగానే ప్రతి బిడ్డకూ, థైరాయిడ్ గ్రంథిని పనిచేయించే టీఎస్‌హెచ్ అనే హార్మోను సహజంగానే ఒక్కసారిగా పెరిగి, రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది కాబట్టి, ఆ గంటలు తెలియనిదే ఎక్కువగా వచ్చిన అంకెను ఎంతవరకు నమ్మాలో ల్యాబువారు తేల్చలేరని నాకు తర్వాత అర్థమైంది.

శుక్రవారం డిశ్చార్జి అయ్యాక అత్తగారింటికి వెళ్లాం. కార్డు మీద ఉన్నది నా నంబరు ఒక్కటే. శనివారం ఉదయం ఫోను మూడుసార్లు మోగినా, తెలియని నంబరని నేను తీయలేదు. అది నా తప్పు. రిపోర్టును ఆసుపత్రికి పంపి ఊరుకున్నా ల్యాబులోని ఆ సోదరిని ఎవరూ తప్పుపట్టేవారు కారు. ఆమె ఊరుకోలేదు. ఆసుపత్రిని అడిగి ఊరి పేరు తెలుసుకుని, అక్కడి ఉపకేంద్రం ద్వారా ఆశా అక్కను పట్టుకున్నారు. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆ అక్క మా గడప ముందు నిలబడి, చెప్పులైనా విడవకుండా, తన ఫోను నా చేతికిచ్చారు.

టీఎస్‌హెచ్ 40 దాటితే మళ్లీ కార్డు మీద నెత్తురు తీసి చూసేదాకా ఆగకూడదని, మా పాపకు 86 వచ్చిందని, అయినా ఇది వ్యాధి నిర్ధారణ కాదని, నరం నుంచి తీసిన నెత్తురులో థైరాయిడ్ గ్రంథి తయారుచేసే టీ4 హార్మోనును, టీఎస్‌హెచ్‌ను చూస్తేనే తేలుతుందని, ఆదివారమే పిల్లల డాక్టరుకు చూపించాలని ఆ సోదరి నిదానంగా చెప్పారు. ఆ తర్వాత, "నేను చెప్పింది ఒకసారి మీరు తిరిగి చెప్పండి" అన్నారు. నేను కంగారులో సోమవారం అన్నాను. ఆమె సరిదిద్ది, మళ్లీ చెప్పించుకున్నారు.

బాగా పాలు తాగుతున్న బిడ్డకు జబ్బేమిటని మా అత్తగారు నమ్మలేదు. కడుపులో ఉన్నప్పుడు తల్లి థైరాయిడ్ హార్మోను కొంత అందడం వల్ల ఇలాంటి బిడ్డలు చాలామంది పుట్టినప్పుడు మామూలుగానే కనిపిస్తారని, మొదటి రెండు వారాల్లో మందు మొదలైతేనే మెదడు ఎదుగుదలకు రక్షణ అని డాక్టరుగారు ఆమెకు వివరించారు. మన దేశంలో సుమారు వెయ్యి మంది శిశువుల్లో ఒకరికి ఇది వస్తుందట. మా పాపకూ థైరాయిడ్ లోపమేనని తేలింది. ఎనిమిదో రోజు ఉదయం మా ఆవిడ స్పూనులో మాత్రను నలిపి, నాలుగు చుక్కల తల్లిపాలు కలిపి, మొదటి మోతాదు పట్టించింది.

రెండు వారాల తర్వాతి పరీక్ష ఫలితం చెప్పడానికి అదే నంబరు నుంచి ఫోను వచ్చింది. మొదటి మోతకే తీశాను. టీఎస్‌హెచ్ బాగా తగ్గిందని, మాత్ర మానవద్దని చెప్పి, ఈసారీ తిరిగి చెప్పమన్నారు. అమ్మా, తప్పు లేకుండా చెప్పాను. మీ ముగ్గురికీ మా ఇంటిల్లిపాది నమస్కారాలు.