ఘాట్ కింద ఒక్క నిమిషం ఆపి చూడండి

సంపాదకుల వారికి,

నమస్కారం. నేను చింతపల్లిలో మోటార్‌సైకిల్ మెకానిక్‌ని. చలికాలం వచ్చిందంటే మా లంబసింగి ఫొటో పేపర్లో పడని వారం ఉండదు. ఆంధ్రా కశ్మీర్ అని రాస్తారు, చింతపల్లి వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఈ రోజు ఇన్ని డిగ్రీలు నమోదైందని రాస్తారు. అది చదివి శనివారం రాత్రి బండెక్కే కుర్రాళ్ల గురించి, వాళ్లు ఎక్కే బండి గురించి ఈ ఉత్తరం.

విశాఖ, కాకినాడ, రాజమండ్రి వైపుల నుంచి అర్ధరాత్రి బయల్దేరతారు. నర్సీపట్నం దాటి డౌనూరు దగ్గర ఘాట్ ఎక్కేసరికి మూడో నాలుగో అవుతుంది. కళ్ల మీద నిద్ర, ఒంటి మీద పల్చటి జాకెట్, సూర్యోదయం చూడటానికి తెల్లారేలోపు చెరువులవేనం కొండ మీద ఉండాలన్న తొందర. లంబసింగి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంది. సముద్రం పక్కన ఇంట్లో అన్నం తిని బయల్దేరిన మనిషి ఒక్క రాత్రిలో ఆ ఎత్తుకు, ఆ చలికి వచ్చేస్తున్నాడు. ఈ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రి బయట ఉండిపోతే మనిషి కర్రలా బిగుసుకుపోతాడని అలా పిలిచారట. బండి నడిపేవాడి వేళ్లకు జరిగేది సరిగ్గా అదే. క్లచ్ నొక్కాలని అనుకున్నాక వేళ్లు కదలడానికి ఒక క్షణం పడుతుంది. ఘాట్ మలుపులో ఆ క్షణం దొరకదు.

పోయిన డిసెంబరులో ఒక ఆదివారం ఇద్దరు అన్నదమ్ములు బండిని ఆటోలో వేసుకుని నా షాపుకు వచ్చారు. తమ్ముడి చెయ్యి విరిగింది, అప్పటికే కట్టు కట్టించుకున్నాడు. బండి దించి చూశాను. వెనక టైరు అరిగి గుండయింది. చైన్ వేలాడుతోంది. వెనక లైటు వెలగడం లేదు, అది ఎప్పుడు పోయిందో వాళ్లకే తెలియదు. హ్యాండిల్‌కి మాత్రం తెల్లటి ఎల్‌ఈడీ లైట్లు రెండు కొత్తవి బిగించుకున్నారు. "అన్నా, లైట్లన్నీ వేస్తే ముందు తెల్లగోడ కనపడింది తప్ప రోడ్డు కనపడలేదన్నా" అన్నాడు పెద్దవాడు. మంచులో లైటు ఎంత ఎక్కువ వేస్తే అంత ఎక్కువగా నీటి తుంపర మీద పడి తిరిగి మన కళ్లలోకే కొడుతుంది. లైటు డిమ్‌లో పెట్టాలి, హెల్మెట్ అద్దం కొంచెం పైకెత్తి ఉంచాలి, కనపడినంత దూరంలో ఆగగలిగేంత స్పీడులోనే పోవాలి. ఇంతే విషయం. ఆ పిల్లలకు ఈ మాట ముందు రోజు రాత్రి డౌనూరులో ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. పొద్దున తొమ్మిదింటికి, వాడి చేతికట్టు చూస్తూ నేను చెప్పాల్సి వచ్చింది. ఆ రోజంతా నాకు మనసు మనసులో లేదు.

చలిలో బండి ఎలా ఉంటుందో కింద ఊళ్లలో ఉన్నవాళ్లకు తెలియదు, అది వాళ్ల తప్పు కాదు. తెల్లవారుజామున ఇంజన్ ఆయిల్ చిక్కబడుతుంది, బ్యాటరీ బలం తగ్గుతుంది. వైజాగ్‌లో సెల్ఫ్ కొడితే లేచే బండి ఇక్కడ టెంట్ పక్కన రాత్రంతా మంచులో నిలబడితే పొద్దున టక్ టక్ అని ఊరుకుంటుంది. కొత్త బండ్లలో చాలావాటికి కిక్ రాడ్ కూడా లేదు. అప్పుడేం చేస్తారంటే, వాలులోకి తోసి స్టార్ట్ చేస్తారు. ఇది చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది. మంచులో, పల్లం వైపు, చచ్చిన ఇంజన్‌తో, లైటు లేని బండి! బ్యాటరీ పూర్తిగా పడిపోతే కార్బురేటర్ లేని ఇంజక్షన్ బండి తోసినా లేవదు, ఎందుకంటే పెట్రోలు పంపు నడవడానికీ కరెంటే కావాలి. బండి లేచిన వెంటనే రెయిజ్ చేయడం ఇంకొక పొరపాటు. ఆయిల్ పైదాకా పాకడానికి ఒక్క నిమిషం ఇచ్చి, మెల్లగా కదిలితే చాలు.

దిగేటప్పుడు మరీ ఘోరం. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దించుకుంటూ వస్తారు. వచ్చిన మలుపల్లా బ్రేకు మీదే ఆపితే ఆ బ్రేకు కాగి, సగం ఘాట్ దిగేసరికి పట్టు వదిలేస్తుంది. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగాలని మా నాన్న చెప్పేవారు. ఆయన లారీల మీద పని నేర్చుకున్న మనిషి. ఆ మాట బైకుకూ వర్తిస్తుంది.

ఇది టూరిస్టుల కోసమే రాస్తున్నానని అనుకోవద్దు. నవంబరు నుంచి జనవరి దాకా మాకు కాఫీ పళ్లు కోసే రోజులు. మా రైతు వెనక సీటు మీద బస్తా కట్టుకుని, చేతులకు పాలిథిన్ కవర్లు తొడుక్కుని పొద్దున్నే బయల్దేరతాడు. గ్లౌజులు కొనుక్కునే స్తోమత అందరికీ లేదు. టీచరమ్మలు, ఏఎన్‌ఎంలు కూడా స్కూటీ మీదే గూడేలకు వెళ్లాలి. ఏజెన్సీలో బైకు సరదా బండి కాదు. జీపు పోలేని గూడేల నుంచి రోగిని పెద్ద అంబులెన్సు దాకా చేర్చే ఫీడర్ అంబులెన్సులుగా నడిచేవి కూడా బైకులే. పైనుంచి రాంగ్ సైడులో మలుపు తిరిగి వచ్చిన బండికి ఎదురుపడేది వీళ్లే.

మావాళ్లకు కూడా ఒక మాట చెప్పాలి. చలికి ఉష్ణోగ్రత పది డిగ్రీలు పడిపోతే టైరులో గాలి ఒకటిన్నర పాయింటు (పీఎస్‌ఐ) దాకా తగ్గిపోతుంది. దీపావళికి కొట్టించిన గాలితో సంక్రాంతి దాకా నెట్టుకురాకండి. మంచు నీరు, ఎర్రమట్టి కలిసి చైన్‌ని తినేస్తాయి. ఇంటికొచ్చాక పొడి గుడ్డతో తుడిచి రెండు చుక్కల ఆయిల్ వేయండి. బండి వెనక ఒక రేడియం స్టిక్కర్ అంటించుకోండి.

ఇక అధికారులను అడిగేది. ఘాట్ మలుపుల్లో రేడియం బోర్డులు, అంచున తెల్లగీత, రోడ్డు మధ్య మెరిసే స్టడ్స్ అన్ని చోట్లా సరిగ్గా ఉండాలి. మంచు రాకముందే, అక్టోబరులోనే ఒక మనిషి రాత్రిపూట బైకు మీద ఎక్కి చూసి, ఎక్కడ కనపడలేదో రాసుకుని రావాలి. కారులో పగటిపూట చూస్తే అన్నీ బాగానే కనపడతాయి. పాడేరు మీదుగా అరకు వెళ్లే 516ఇ హైవే పనులు ఎక్కడ జరిగినా, పక్కన పోసిన కంకర రాత్రికి రోడ్డు మీదికి రాకుండా చూడాలి. మంచులో తడిసిన కంకర మీద బ్రేకు వేస్తే ఏ బండీ నిలబడదు. చెరువులవేనం దగ్గర రోడ్డు మీదే బళ్లు ఆపి ఫొటోలు దిగనివ్వకుండా శని, ఆదివారాల్లో ఇద్దరు మనుషులను నిలబెట్టాలి.

అన్నిటికన్నా ముఖ్యంగా అడిగేది ఇది. గంజాయి కోసం మా రోడ్ల మీద పోలీసులు బళ్లు ఆపుతూనే ఉంటారు, సంచులు వెతుకుతారు. అదే ఆపడంలో, ఘాట్ మొదట్లో, ఇంకొక్క నిమిషం కేటాయించమంటున్నాను. వెనక లైటు వెలుగుతోందా, టైరు అరిగి గుండయిందా, ఇద్దరికీ హెల్మెట్ ఉందా చూడండి. బండి సరిగ్గా లేకపోతే జరిమానా రాసి పంపేయకండి. అక్కడే ఆపి, ఒక చలిమంట, ఒక టీ బండి దగ్గర కూర్చోబెట్టి, తెల్లారాక పంపండి. ఆ ఒక్క రోజు సూర్యోదయం చూడకపోయినా పిల్లాడు ఇంటికి వెళతాడు. మంచు ఎలాగూ తొమ్మిదింటి దాకా ఉంటుంది, వలిసె పూలు మధ్యాహ్నం దాకా చూసుకోవచ్చు.

పంచాయతీ గానీ, టూరిజం వాళ్లు గానీ డౌనూరులో ఒక గాలి మిషను, ఒక లైటు ఏర్పాటు చేస్తే, ఈ సీజన్ అయ్యేదాకా ప్రతి శనివారం రాత్రి నేనూ, నా దగ్గర పని నేర్చుకునే కుర్రాడూ దిగి వచ్చి కూర్చుంటాం. బల్బులు, బ్రేకు వైర్లు నేనే తెస్తాను. కూలి అక్కర్లేదు.

ఇట్లు,
ఒక మోటార్‌సైకిల్ మెకానిక్,
చింతపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లా