మైపాడు తీరాన మా గుడారం నిలబెట్టిన పెద్దాయనకు

గత శనివారం మైపాడు సముద్రతీరంలో ఇద్దరు చిన్నపిల్లలతో గుడారం వేసుకున్నాం. చీకటి పడ్డాక గాలి పెరిగి, ఇసుకలో దింపిన మేకులు ఒక్కొక్కటే ఊడిపోయాయి. మా పాప ఏడుస్తూ నా మెడ వదల్లేదు.

అప్పుడు మీరు టార్చిలైటుతో వచ్చారు. ముందు మమ్మల్ని అలలకు దూరంగా, సరుగుడు చెట్ల వైపు జరిపించారు. గోనె సంచుల్లో తడి ఇసుక నింపి, మోచేతి లోతు గుంటల్లో పాతి, గుడారం తాళ్లు వాటికి కట్టారు. లాగేకొద్దీ బిగిసే ముడి అది. ఒకటి మా బాబు చేత కూడా వేయించారు, ఎంత ఓపిక మీకు! డబ్బు ఇవ్వబోతే, "ముందు పిల్లలను పడుకోబెట్టమ్మా" అంటూ వెళ్లిపోయారు.

తెల్లవారి వెతికితే పడవలు అప్పటికే వేటకు వెళ్లిపోయాయి. మీ పేరైనా అడగలేకపోయాను. చేతులెత్తి నమస్కరిస్తున్నాను, పెద్దాయనా. బాబు ఇంకా ఆ ముడే వేస్తున్నాడు.