పాత స్పీకర్ ఫోమ్‌కి పూత వేయమంటే ఎందుకు కాదంటున్నామంటే

పాత స్పీకర్లు తెస్తున్నవాళ్లలో చాలామంది ఈ మధ్య ఒకే మాట అడుగుతున్నారు. "ఫోమ్ ఇంకా చిరగలేదు కదండీ, పైన ఏదైనా పూసేస్తే ఇంకో పదేళ్లు ఆగుతుందట, అది చేసిపెట్టండి" అని. విడివిడిగా చెప్పేకంటే అందరికీ ఒకేసారి చెప్పడం మంచిదనిపించింది. ఆ పని మేం చేయం. చేస్తే మాకు కష్టం లేకుండా వచ్చే డబ్బే, కానీ మీ స్పీకర్‌కి దానివల్ల మేలు జరగదు.

స్పీకర్‌లో ముందుకీ వెనక్కీ కదిలి శబ్దం చేసే గరాటు లాంటి భాగమే కోన్. దాని అంచు చుట్టూ ఉండే ఆ మెత్తటి ఫోమ్ పాలీయురేథేన్ అనే ఒక రకం ప్లాస్టిక్. గాలిలో ఉండే తేమే దానికి అసలు శత్రువు. తేమ లోపలికి దిగి ఆ పదార్థంలోని బంధాలను మెల్లగా తెంపుకుంటూ పోతుంది, వేడి తోడైతే ఆ పని ఇంకా త్వరగా జరుగుతుంది, ఎండ పడితే పైపొర కూడా పాడవుతుంది. అందుకే "అసలు వాడనే లేదండీ, అట్టపెట్టెలోనే ఉంచాం" అన్న స్పీకర్ల ఫోమ్ కూడా ముట్టుకుంటే నుసిగా రాలిపోతుంది. వాడకపోయినా దాని వయసు ఆగదు. ఒకసారి తెగిన బంధాన్ని పైనుంచి పూసేది ఏదీ మళ్లీ కలపలేదు.

పైగా నష్టం కూడా ఉంది. పూత బరువు పెంచుతుంది, ఆరాక కొన్ని రకాలు బిగుసుకుంటాయి. అంచు బిగుసుకుంటే వూఫర్ (బేస్ పలికించే పెద్ద స్పీకర్) సహజంగా కదిలే ఫ్రీక్వెన్సీ పైకి జరిగి, మీరు ఇష్టపడి దాచుకున్న ఆ లోతైన బేస్ తగ్గిపోతుంది. సిలికాన్ స్ప్రేలు, కారు డాష్‌బోర్డ్‌కి పూసే పాలిష్‌లు అయితే మరీ ఘోరం. ఆ జిడ్డు కాగితపు కోన్ అంచులోకి ఇంకిపోతుంది, రేపు కొత్త ఫోమ్ అతికిద్దామంటే గ్లూ పట్టదు. అలాంటి కోన్ చేతికొస్తే నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే మామూలుగా అయితే చక్కగా బాగయ్యే స్పీకర్ అది.

ఈ పూత ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో మాకు అర్థమవుతూనే ఉంది. కొన్ని పాత స్పీకర్లలో అంచు ఫోమ్ కాదు, గుడ్డ. ఏఆర్ (అకౌస్టిక్ రీసెర్చ్) కంపెనీ స్పీకర్ ఏఆర్-3లో గుడ్డ అంచే, తర్వాత వచ్చిన ఏఆర్-3ఏలో చాలావాటికి ఫోమ్. బోస్ 901 మొదటి రెండు సిరీస్‌లలో గుడ్డ, ఆ తర్వాత ఫోమ్. గాలి లీకవకుండా గుడ్డకి ఫ్యాక్టరీలోనే పూత వేసేవాళ్లు, అది ఎండిపోతే మళ్లీ వేయడం సరైన పనే. ఆ వైద్యం ఫోమ్‌కి పనికిరాదు. మీ దగ్గర ఉన్నది ఏదో తెలియకపోతే ముందు ఒక ఫొటో పంపండి, చూసి చెబుతాం.

ఫోమ్ ఇంకా బాగుంటే మీ చేతిలో ఉన్నది వాతావరణమే. ఎండ పడని, చెమ్మ లేని చోట పెట్టండి, గ్రిల్ తీయకండి, ఓజోన్ వదిలే ఎయిర్ ప్యూరిఫయర్ పక్కన పెట్టకండి. వేలితో నొక్కి చూడటం మానేయండి, దయచేసి. టార్చ్ వేసి చూస్తే చాలు. రంగు పాలిపోయినా, జిగటగా మెరిసినా, కింద పొడి రాలినా ఇక ప్లే చేయకండి. అంచు ఒకచోట తెగితే కోన్ పక్కకి ఒరుగుతుంది, కోన్ వెనక ఉండే తీగచుట్ట, అదే కాయిల్, అయస్కాంతానికి రాసుకుంటుంది, ఫోమ్ మారిస్తే పోయే పని కాయిల్ మార్చేదాకా వెళ్తుంది.

రీఫోమింగ్, అంటే పాత ఫోమ్ తీసి కొత్తది అతికించడం, మాత్రం సంతోషంగా చేస్తాం. ఒకటి బాగానే కనిపించినా జతలో రెండింటికీ మార్చమంటాం, లేకపోతే ఎడమ కుడి బేస్‌లో తేడా వస్తుంది. ఫోమ్ ఉన్నచోట రబ్బరు అంచు వేయమంటే ఒప్పుకోం, దాని బరువు, సాగే తీరు వేరు. కాయిల్ సరిగ్గా మధ్యలో నిలిపి, గ్లూ పూర్తిగా ఆరేదాకా ఆగాలి కాబట్టి సాయంత్రానికల్లా ఇవ్వమంటే కుదరదు. కొత్త ఫోమ్ కూడా ఏదో ఒకరోజు పాడవుతుంది, జీవితాంతం గ్యారంటీ అని మేం చెప్పం.

తెచ్చేటప్పుడు కోన్‌కి ఏదీ తగలకుండా ముందు గట్టి అట్ట కట్టండి. రాలిన ఫోమ్ ముక్కలు పారేయకుండా కవర్లో వేసి తీసుకురండి, ఆ వంపు వెడల్పు కొలిస్తే సరిగ్గా సరిపోయే సైజు వెతకడం తేలికవుతుంది.