దెయ్యం ఫొటోకి ఒరిజినల్ ఏది?

సంపాదకులకు నమస్కారం.

గత వారం మా జిల్లా పేజీలో ‘లేడీస్ హాస్టల్లో వింత ఆకారం’ అని ఫొటో వేశారు. మెట్ల మీద తెల్లగా, పొగలా ఓ ఆకారం. మా పక్కింటి అమ్మాయి ఉండేది ఆ హాస్టల్లోనే. ఇప్పుడు రాత్రిపూట బాత్రూముకి ముగ్గురేసి కలిసి వెళ్తున్నారట.

నేను చాలా ఏళ్లు స్టూడియో నడిపాను. రీలు కెమెరా రోజుల్లో ఓ దెయ్యాన్ని నేనూ తీశాను. ఒక పెళ్లిలో రీలు సరిగ్గా జరగక ఒకే ఫ్రేము మీద రెండు ఫొటోలు పడ్డాయి. తలంబ్రాలు పోస్తున్న పెళ్లికూతురి భుజం వెనక, గోడ మీది పటంలో ఉండాల్సిన వాళ్ల తాతగారు పలచగా తేలారు. ఆవిడ తల్లి ప్రింటు కళ్లకద్దుకుంది. నెగెటివ్ చూపించి జరిగింది చెప్పాను. వినలేదు సరికదా, ఇంకో రెండు కాపీలు కావాలంది!

ఇప్పుడు రీలు లేదు. చీకట్లో నైట్ మోడ్ పెడితే ఫోను వరసగా కొన్ని ఫ్రేములు తీసి ఒకటిగా కలుపుతుంది. ఆలోగా ఎవరైనా మెట్లు దిగితే మెట్లు స్పష్టంగా, మనిషి పొగలా పడొచ్చు. మీరు వేసిన ఆకారంలోంచి వెనకున్న రెయిలింగు కనిపిస్తోంది, గమనించారా? అదీ కాకపోతే, దెయ్యాన్ని అతికించే యాప్‌లు ఉండనే ఉన్నాయి.

1995లో ఇంగ్లండులోని వెమ్ అనే ఊళ్లో టౌన్‌హాలు తగలబడింది. ఆ మంటల ఫొటోలో ఓ చిన్నపిల్ల కనిపించింది. 1677లో ఆ ఊరు కాలిపోవడానికి కారణమైన పిల్ల ఆత్మే అన్నారు. పదిహేనేళ్ల తర్వాత, 2010లో, అక్కడి పత్రిక ఆ ఊరి 1922 నాటి పోస్టుకార్డు ఒకటి అచ్చేసింది. అందులో వీధి పక్కన నిలబడ్డ పిల్లే మంటల్లోనూ ఉందని, టోపీ, గౌను కూడా అవేనని పట్టుకున్నది ఆ పత్రిక పాఠకుడే.

కాబట్టి ఇలాంటి ఫొటో వస్తే ఒరిజినల్ ఫైలు అడగండి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోలో తీసిన టైము, షట్టర్ వివరాలు ఉండవు. ఒరిజినల్ ఇవ్వకపోతే ఆ మాటే ఫొటో కింద రాయండి. ఈ హాస్టల్ విషయంలో మాత్రం మీ ఫొటోగ్రాఫర్ని ఓ రాత్రి అక్కడికి పంపి, అవే మెట్ల మీద ఎవరినైనా దింపి నైట్ మోడ్‌లో తీయమనండి. వచ్చిన ఫొటోని అదే పేజీలో, అదే సైజులో వేయండి. కెమెరా స్టాండు నా దగ్గరుంది, పంపిస్తాను.

— ఒక పాత ఫొటోగ్రాఫర్, తెనాలి